రూపాయి ధరా, వెండి ధరా? సూరత్ నాణేల విపణిలో మారిన లెక్క

పాత నాణేల ప్రదర్శనకు వెళ్లినవారికి దాదాపు ప్రతి వర్తకుడి బల్లపైనా రెండు రకాల సరుకు కనిపిస్తుంది. ఒకటి, ఒక్కో నాణేన్నీ విడిగా అట్టలో అమర్చి, రాజు పేరు, టంకశాల పేరు, సంవత్సరం రాసిపెట్టిన సరుకు. రెండోది, పళ్లెంలో కుప్పగా పోసిన వెండి రూపాయలు. మొదటి దాన్ని ఎంచి కొంటారు, రెండో దాన్ని తూచి కొంటారు. చాలాకాలంగా ఈ రెండింటి మధ్య స్పష్టమైన ఎడం ఉండేది. విక్టోరియా రాణి బొమ్మ ఉన్న మామూలు రూపాయికి కూడా అందులోని వెండి కంటే కొంత ఎక్కువే పలికేది. ఆ కొంతే వర్తకుడి లాభం, సేకర్త ముచ్చట. వెండి ధర పరుగందుకున్న తర్వాత ఆ ఎడం కుంచించుకుపోయింది. కొన్ని రకాల విషయంలో పూర్తిగా మాయమైంది.

ఇది దేశమంతటా ఉన్న పరిస్థితే అయినా, సూరత్‌లో దీనికి ప్రత్యేకమైన అర్థం ఉంది. మొగలుల కాలంలో పడమటి సముద్రం మీదుగా వచ్చిన విదేశీ వెండిని కరిగించి రూపాయలుగా అచ్చువేసిన ప్రధాన రేవు ఇదే. నేడు వెండిని తీగగా సాగదీసి జరీగా మార్చి దక్షిణాది మగ్గాలకు పంపుతున్న నగరమూ ఇదే. వెండి రూపాయిగా మారిన చోటు, రూపాయి మళ్లీ వెండిగా మారగల చోటు ఒకే నగరం కావడం ఇక్కడి విశేషం.

లెక్క ఎక్కడ మారింది?

1835లో ఈస్టిండియా కంపెనీ దేశమంతటికీ ఒకే రూపాయిని నిర్ణయించింది. దాని బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. అందులో 12 పాళ్లకు 11 పాళ్లు మేలిమి వెండి. నాలుగో విలియం నుంచి విక్టోరియా, ఏడో ఎడ్వర్డ్, ఐదో జార్జిల వరకు ఇదే ప్రమాణం కొనసాగింది. ఈ లెక్కన ఒక్కో రూపాయిలో సుమారు 10.69 గ్రాముల అచ్చ వెండి ఉంటుంది. కిలో వెండి లక్ష రూపాయలున్నప్పుడు ఆ బిళ్ళలోని వెండి విలువ రమారమి 1,069 రూపాయలు. కిలో 2 లక్షలైతే అది 2,138 రూపాయలు.

దేశీయ విపణిలో కిలో వెండి ధర 2024లో తొలిసారి లక్ష రూపాయల మెట్టెక్కింది. ఆ ఏడాది జులైలో కేంద్ర బడ్జెట్ బంగారం, వెండి దిగుమతి సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించడంతో కొంత దిగినా, ఆ ఊరట ఎక్కువకాలం నిలవలేదు. 2025 అక్టోబర్‌లో అంతర్జాతీయ విపణిలో ఔన్సు వెండి 50 డాలర్లు దాటింది. డిసెంబర్‌లో దేశీయంగా కిలో ధర 2 లక్షలు మించింది. ఇంత వేగంగా లోహం ధర పెరిగినప్పుడు సేకర్తలు ఇచ్చే ధర అదే వేగంతో పెరగదు. ఐదో జార్జి కాలపు మామూలు రూపాయికి అలవాటుగా ఒక మొత్తం ఇస్తూ వచ్చిన సేకర్త, ఏడాది తిరిగేసరికి రెండింతలు ఇవ్వమంటే వెనుకాడతాడు. వెండి శుద్ధి చేసే వ్యాపారి మాత్రం వెనుకాడడు. తరుగు తీసేసి, ఆనాటి ధర కట్టి, తక్షణం సొమ్ము చేతిలో పెడతాడు.

దీంతో వర్తకుడి ఎదుట రెండు దారులు నిలుస్తున్నాయి. నాణెం పట్ల మక్కువ ఉన్నవాడి కోసం నెలల తరబడి ఎదురుచూడటం ఒకటి, కుప్పగా కొలిమికి పంపి పెట్టుబడి తిప్పుకోవడం రెండోది. అధిక ధరకు కొన్న సరుకు బల్లపై కదలకుండా పడి ఉంటే నష్టం ఎవరిదో చెప్పనక్కరలేదు. ముందుగా రాసిపెట్టిన ధరల చీటీలు ఇలాంటి రోజుల్లో పనికిరావు. ఉదయం చెప్పిన వెల సాయంత్రానికి నిలవదు. ‘ఈ రోజు వెండి ఎంత?’ అన్న ప్రశ్నతోనే బేరం మొదలవుతుంది.

ఆరో జార్జి కాలపు రూపాయల సంగతి వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో వెండి కొరత ఏర్పడటంతో 1940 నుంచి రూపాయిలో వెండిని 50 శాతానికి తగ్గించారు. అదే బరువుతో, అదే తీరులో కనిపించే ఈ బిళ్ళలో వెండి 5.83 గ్రాములు మాత్రమే. ఇంట్లో పెద్దలు దాచిన రూపాయల మూటను కంసాలి వద్దకు తీసుకెళ్లేవారిలో చాలామందికి ఈ తేడా తెలియదు. అన్నింటికీ ఒకే ధర ఆశించి నిరాశపడేవారు ఉన్నట్టే, అన్నింటికీ తక్కువ ధరే కట్టించుకుని నష్టపోయేవారూ ఉంటారు. 1947లో వచ్చిన రూపాయిలో వెండే లేదు, అది నికెల్ నాణెం.

సూరత్ రేవు, సూరత్ రూపాయి

17వ శతాబ్దంలో హజ్ యాత్రికుల ఓడలు, అరేబియా, పారశీక తీరాలతో వర్తకం చేసే నౌకలు, ఆంగ్లేయుల, డచ్చివారి ఓడలు సూరత్ రేవుకు చేరేవి. భారతీయ నూలు బట్టలకు, నీలిమందుకు, మిరియాలకు బదులుగా ఐరోపావారు ఇవ్వగలిగిన సరుకు పెద్దగా లేదు. వారు తెచ్చినది వెండి. అమెరికా ఖండపు గనుల్లో తవ్వి, స్పెయిన్ రాజముద్రతో వెలువడిన రియాల్ నాణేలు చేతులు మారి ఇక్కడికి వచ్చేవి. విదేశీ నాణెం మొగలు రాజ్యంలో చెల్లదు గనుక అది టంకశాలకు వెళ్లి, కరిగి, రూపాయిగా బయటికి రావలసిందే. ఎవరైనా వెండి తెచ్చి, రుసుము చెల్లించి నాణేలు అచ్చువేయించుకునే పద్ధతి ఉండేది. టంకశాలలో జాప్యం గురించి ఆంగ్ల కంపెనీ ఉద్యోగులు తరచూ వాపోయేవారు.

అందువల్లే ఔరంగజేబు పేరిట సూరత్‌లో వెలువడిన రూపాయి మొగలు రూపాయలన్నింటిలోకీ విరివిగా దొరికే వాటిలో ఒకటి. కొన్నింటిపై సూరత్‌ను ‘బందరే ముబారక్’, అంటే శుభప్రదమైన రేవు అని పేర్కొన్నారు. విరివిగా దొరకడమే నేడు దానికి శాపం. సుమారు 11.5 గ్రాముల బరువు, మేలిమికి దగ్గరగా ఉండే వెండి. కొలిమి వ్యాపారి దృష్టిలో అది విక్టోరియా రూపాయి కంటే మంచి సరుకు.

అయితే అదే టంకశాల, అదే శతాబ్దంలో వెలువడిన మరో రూపాయి సంగతి పూర్తిగా భిన్నం. జహంగీర్ చివరి ఏళ్లలో నూర్జహాన్ పేరు చేర్చి అచ్చువేసిన రూపాయల్లో సూరత్‌వి కూడా ఉన్నాయి. మొగలు నాణేలపై రాణి పేరు కనిపించడం అత్యంత అరుదు. ఇలాంటి వాటి ధరను వెండి ధర ఏమాత్రం తాకదు. బల్లపై ఒకే బరువున్న రెండు సూరత్ రూపాయలుంటే, ఒకటి వెండి ధరతో పాటు ఊగుతుంది, మరొకటి దాని ఊసే ఎరగదు.

మధ్యస్థమైన నాణేల్లోనే అసలు నైపుణ్యం తేలుతుంది. మొగలుల కాలంలో అచ్చు దిమ్మె బిళ్ళ కంటే పెద్దదిగా ఉండేది. ఫలితంగా ఏ బిళ్ళపైనా శాసనం మొత్తం పడదు. ఒకదానిపై టంకశాల పేరు పడితే సంవత్సరం అంచు దాటిపోతుంది, మరోదానిపై సంవత్సరం నిలిచి పేరు సగమే పడుతుంది. పేరు, హిజ్రీ సంవత్సరం, రాజ్య సంవత్సరం మూడూ స్పష్టంగా ఉన్న బిళ్ళకు ఒక ధర, ఏదీ సరిగా లేనిదానికి వెండి ధర. పైగా నాటి షరాబులు వెండి స్వచ్ఛత పరీక్షించడానికి కొట్టిన చిన్న చిన్న గుర్తులు అనేక నాణేలపై ఉంటాయి. సేకర్తలు వాటిని లోపంగా భావించి ధర తగ్గిస్తారు. చరిత్రకారుడికి మాత్రం ఆ గుర్తే ఆసక్తికరం. ఆ నాణెం చేతులు మారిందనడానికి, ఎవరో దాన్ని అనుమానించి, పరీక్షించి, ఒప్పుకున్నారనడానికి అది రుజువు.

నాటి షరాబుల లెక్క కూడా నేటికి తలకిందులైంది. మొగలుల కాలంలో కొత్తగా అచ్చయిన సిక్కా రూపాయికి పూర్తి విలువ ఉండేది. ఏళ్లు గడిచేకొద్దీ అదే రూపాయిపై వట్టం కోసేవారు. పాతబడిన కొద్దీ విలువ తగ్గే నాణెం, మూడు శతాబ్దాల తర్వాత పాతది కావడం వల్లే విలువ పొందుతోంది.

1759లో సూరత్ కోట కంపెనీ చేతికి వచ్చింది. ఆ తర్వాత కూడా మొగలు చక్రవర్తి రెండో షా ఆలం పేరిటే నాణేలు వెలువడ్డాయి. చివరికి 46వ రాజ్య సంవత్సరాన్ని అలాగే నిలిపివేసి, ఏళ్ల తరబడి అదే అంకె వేస్తూ పోయారు. ఆ ‘సూరత్ రూపాయల్లో’ కొన్ని ముంబయిలోనూ కలకత్తాలోనూ అచ్చయ్యాయి. పేరు సూరత్, పుట్టుక మరోచోట. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ప్రదర్శనలో వ్యాపారం జరిగే తీరు

నాణేల ప్రదర్శనలో పెద్ద బేరాలు సందర్శకులు రాకముందే ముగుస్తాయి. తొలిరోజు ఉదయం బల్లలు సర్దుకుంటుండగానే వర్తకులు ఒకరి సరుకు మరొకరు చూసుకుంటారు. ఒక ఊళ్లో మామూలుగా దొరికేది మరో ఊళ్లో అరుదు. గుజరాత్‌లో పశ్చిమ క్షాత్రపుల చిన్న వెండి నాణేలు తేలిగ్గా లభిస్తాయి, హైదరాబాద్ వర్తకుడి వద్ద నిజాం కాలపు చార్మినార్ రూపాయలు ఎక్కువగా ఉంటాయి. ఈ తేడాయే వర్తకుల మధ్య మారకానికి ఆధారం. సామాన్య సందర్శకుడు లోపలికి వచ్చేసరికి మంచి సరుకు ఒకటి రెండు చేతులు మారి ఉంటుంది.

గతంలో ఈ వ్యాపారమంతా వర్తకుడి జ్ఞాపకశక్తిపై, కొనుగోలుదారు అమాయకత్వంపై సమానంగా ఆధారపడేది. ముంబయి, అహ్మదాబాద్, బెంగళూరుల్లోని వేలం సంస్థల ధరలు ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చాక ఆ వెసులుబాటు తగ్గింది. కొనేవాడు బల్ల ముందు నిలబడే సెల్‌ఫోన్‌లో గత వేలం ధర చూసి బేరమాడుతున్నాడు. కాకపోతే వేలంలో అత్యుత్తమ స్థితిలో ఉన్న నాణేనికి పలికిన ధరను, బల్లపై ఉన్న అరిగిపోయిన నాణేనికి అన్వయించుకునే పొరపాటు ఇరుపక్షాలా జరుగుతుంటుంది. అమ్మేవాడు చేస్తే దాన్ని పొరపాటు అనడం కాస్త ఉదారతే.

నకిలీల బెడద ఈ రంగానికి కొత్త కాదు. 1939 రూపాయి చాలా అరుదు. 1938 రూపాయి అంత అరుదు కాదు. చివరి అంకెను చెక్కి మార్చడానికి ఇంతకంటే ప్రేరణ అక్కర్లేదు. మొగలు మొహర్లకు, నూర్జహాన్ రూపాయలకు అచ్చు దిమ్మెలు తయారుచేసి అసలు లోహంతోనే కొట్టిన నకిలీలు ఉన్నాయి. బరువు, స్వచ్ఛత పరీక్షల్లో అవి నెగ్గుతాయి, అక్షరాల పోకడ తెలిసినవాడి కంటికి మాత్రమే దొరుకుతాయి. వీటికి తోడు ప్రభుత్వ టంకశాలలే గత శతాబ్దంలో పాత దిమ్మెలతో సేకర్తల కోసం తిరిగి అచ్చువేసిన నాణేలు కూడా చలామణిలో ఉన్నాయి. అవి నకిలీలు కావు, అలాగని అసలువీ కావు.

సూరత్ విపణికి మరో స్థానిక కారణం తోడవుతోంది. ఇక్కడ ఖరీదైన అభిరుచులకు సొమ్ము వచ్చేది ప్రధానంగా వజ్రాల నుంచి, వస్త్రాల నుంచి. ప్రపంచంలోని వజ్రాల్లో అత్యధిక భాగం సానపట్టే ఈ నగరానికి అమెరికా అతిపెద్ద కొనుగోలుదారు. 2025 ఆగస్టులో భారతీయ సరుకులపై అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ప్రయోగశాలల్లో తయారయ్యే వజ్రాల పోటీతో అప్పటికే కుదేలైన పరిశ్రమకు అది మరో దెబ్బ. ఇలాంటి వేళ అభిరుచి కోసం చేసే ఖర్చు ముందుగా ఆగుతుంది, దాచుకున్నది అమ్మకానికి వస్తుంది. సరుకు పెరిగి, కొనేవారు తగ్గి, వెండి మాత్రం ప్రియమైతే ఆ సరుకు ఎటు వెళుతుందో ఊహించడం కష్టం కాదు.

కరిగితే పోయేదేమిటి?

లక్షల్లో అచ్చయిన నాణేలు కొన్ని వేలు కరిగిపోతే నష్టమేమిటన్న వాదన ఉంది. దానికి తర్కం లేకపోలేదు. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం కింద 27 కోట్లకు పైగా వెండి డాలర్ నాణేలను కరిగించింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో రూపాయలకు వెండి చాలక చిక్కుల్లో పడిన భారత ప్రభుత్వానికి అందులో అత్యధిక భాగం చేరింది. అంటే మన ఇళ్లలోని కొన్ని ఐదో జార్జి రూపాయలు ఒకప్పటి అమెరికా డాలర్లే కావచ్చు. కరిగించగా మిగిలిన డాలర్లలో కొన్ని సంవత్సరాలవి ఆ తర్వాత అపురూపమయ్యాయి. 1911 నాటి ఐదో జార్జి రూపాయిది కూడా ఇదే కథ. రాజు మెడలోని ఆభరణంపై ఉన్న ఏనుగు పందిలా కనిపిస్తోందని అలజడి రేగడంతో అత్యధిక భాగాన్ని కరిగించారు. మిగిలినవి ‘పంది రూపాయి’ పేరుతో సేకర్తలు వెతుక్కునే సరుకయ్యాయి. కరిగించడం అరుదుతనాన్ని సృష్టిస్తుందన్నది వర్తకుల మాట.

కానీ చరిత్ర పరిశోధనకు అరుదైన నాణెం కంటే మామూలు నాణేల సంఖ్య ముఖ్యం. మొగలుల కాలంలో ఏ దశాబ్దంలో ఎంత వెండి చలామణిలోకి వచ్చింది, దానితో ధరలు ఎలా మారాయి అన్న ప్రశ్నకు అజీజా హసన్ 1969లో సమాధానం వెతికింది మ్యూజియం క్యాటలాగుల్లో నమోదైన మామూలు రూపాయలను సంవత్సరాల వారీగా లెక్కించే. షిరీన్ మూస్వీ వంటి ఆర్థిక చరిత్రకారులు భూమిలో దొరికిన నిధులను పరిశీలించి ఆ లెక్కను సవరించారు. అరుదైనవి మిగిలి, మామూలువి మాయమైతే ఇలాంటి గణనకు ఆధారమే తప్పుతుంది.

తెలుగువారి చరిత్రకు సంబంధించిన ఒక ఉదాహరణ ఇక్కడ ప్రస్తావించదగినది. 1906లో నాసిక్ సమీపంలోని జోగల్‌తెంభిలో 13 వేలకు పైగా వెండి నాణేల నిధి బయటపడింది. అవన్నీ గుజరాత్, ఉత్తర కొంకణ ప్రాంతాలను ఏలిన క్షహరాట రాజు నహపానుడివి. వాటిలో 9 వేలకు పైగా నాణేలపై శాతవాహన చక్రవర్తి గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మళ్లీ కొట్టించాడు. నహపానుడిపై శాతవాహనుల విజయానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం అరుదు. ఆ నిధిని 1908లో హెచ్.ఆర్. స్కాట్ పరిశీలించి ప్రచురించడం వల్లనే ఈ వివరాలు నిలిచాయి. విడిగా చూస్తే ఒక్కో నాణెం రెండు గ్రాముల చిల్లర వెండి. ఎన్నింటిపై రెండో ముద్ర ఉంది, ఎన్నింటిపై లేదు అన్న నిష్పత్తే చరిత్ర. ఆ కుండ నేరుగా కంసాలి మూసలో పడి ఉంటే ఆ నిష్పత్తి ఎవరికీ తెలిసేది కాదు.

చట్టం ఏం చెబుతోంది?

భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు మించితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం నిర్దేశిస్తోంది. ఆ 10 రూపాయల అంకె అప్పటి నుంచీ మారలేదు. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం ప్రకారం కనీసం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువే. దాన్ని విదేశాలకు పంపే హక్కు కేంద్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే ఉంది. పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు అవసరం. ఈ గీత స్థిరంగా ఉండదు, ఏటా ఒక సంవత్సరం ముందుకు జరుగుతుంది. 1926లో అచ్చయిన ఐదో జార్జి నాణేలు 2026లో దాని పరిధిలోకి వస్తున్నాయి.

విచిత్రమేమంటే, ఎగుమతిపై ఇంత కట్టుదిట్టమున్న వ్యవస్థలో, దేశంలోపల అదే నాణెం కొలిమికి వెళితే గమనించే యంత్రాంగం కనిపించదు. విమానాశ్రయంలో పట్టుబడే ఒక్క మొగలు రూపాయి వార్త అవుతుంది. వీధి చివర కరిగే కిలో రూపాయలు కావు. నగదు విషయంలో మాత్రం నిబంధన స్పష్టం. ఒక లావాదేవీలో 2 లక్షల రూపాయలు లేదా అంతకు మించి నగదు తీసుకోవడం 2017 నుంచి నిషిద్ధం. ప్రదర్శనల్లో పెద్ద బేరాలు బ్యాంకు బదిలీల వైపు మళ్లడానికి ఇదొక కారణం.

సామాన్యుల ఇళ్లలోని నాణేలు

సూరత్‌లోని లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వెళ్లి స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. ఆ ఇళ్లలోనైనా, కరీంనగర్, నల్లగొండ ఇళ్లలోనైనా పెట్టె అడుగున నాలుగు వెండి రూపాయలు ఉండటం సాధారణం. వీటిపై ఆశలు రేపి దోచుకునే మోసాలు నాణేల విపణికి బయట, సెల్‌ఫోన్‌లో జరుగుతున్నాయి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న బిళ్ళకు లక్షలు, ట్రాక్టరు బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటుకు లక్షలు ఇస్తామని ప్రకటనలు వస్తాయి. ఆశపడి ఫోన్ చేస్తే రిజిస్ట్రేషన్ రుసుమని, పన్నని, కమీషనని ముందే డబ్బు కట్టించుకుంటారు. కొందరు రిజర్వ్ బ్యాంకు పేరునే వాడుకుంటున్నారు. తమకు ఇలాంటి వ్యవహారాలతో సంబంధం లేదని, తమ తరఫున రుసుము వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. వైష్ణోదేవి నాణేలు ఏ ప్రదర్శనలోనైనా కొద్దిపాటి ధరకు దొరికేవే.

అసలు విలువ ఉన్నచోట మాత్రం ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. తూకానికి ఇచ్చే ముందు సంవత్సరం చూసుకోవడం, 1911, 1939 అంకెలున్న వాటిని పక్కన పెట్టడం, ఉర్దూ లేదా పారశీక లిపి ఉన్న వాటిని చదవగలిగినవారికి ఒకసారి చూపించడం ఖర్చులేని పనులు. చింతపండుతో తోమి మెరిపించడం వల్ల ధర తగ్గుతుందే గానీ పెరగదు. కాసుల పేరు కోసమో, లంబాడీ నగల కోసమో కొక్కెం అతికించిన నాణేలకు సేకర్తలు తక్కువ ధరే కడతారు. ఇలాంటివే ముందుగా కొలిమి దారి పడతాయి.

ప్రదర్శన ఆఖరి రోజు మధ్యాహ్నం నుంచి బేరాలు సడలుతాయి. తిరుగు ప్రయాణానికి పెట్టెలు సర్దుకునే వర్తకులు అట్టల్లోని నాణేలను లెక్కపెట్టి భద్రపరుచుకుంటారు. పళ్లెంలో మిగిలిన కుప్పను మాత్రం ఆ పూట వెండి ధర కనుక్కున్నాకే ఏం చేయాలో తేలుస్తారు. ధర గిట్టుబాటైతే ఆ రూపాయలు కరిగి, కమ్మచ్చులో తీగగా సాగి, జరీగా చుట్టుకుని, ధర్మవరంలోనో గద్వాలలోనో ఒక పట్టుచీర అంచుకు చేరవచ్చు.